ముదురు మామిడి చెట్లకు కత్తిరింపులు

మైలవరం, నూజివీడు ప్రాంతముల ముదురు మామిడి తోటలలో కొమ్మలు అల్లుకొని, చెట్టు నడుమకు ఎండ సోకక కాపు తగ్గుచుండును. అట్టి చెట్లను నరుకుటకు ముందు గుబురును పలుచన చేసి చూడవలెనని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

కాయకోత ముగియగనే, జూన్, జూలై మాసములలో, ఎండిన కొమ్మలను, లోనికి పెరిగిన వానిని, ఒరసికొను వానిని తొలగింపవలెను. మామిడి ముదిరిన రెమ్మల కొనలందు పూయును గనుక, ఆలస్యమైనచో మరుసటి పూత తగ్గును. ఒకే ఏట పావువంతుకు మించి తీయరాదు. పెద్ద కొమ్మను ముందుగా అడుగున కొంత రంపముతో కోసి, పిమ్మట పైనుండి కోసినచో బెరడు చీలదు. మిగిలిన మొండిని తీసివేసి, గాయమునకు బోర్డో పేస్టు పూయవలెను.

గ్రామమున ఒక్క తోటలోనైనను నేర్పరిచే ఈ పని చేయించి రైతులకు చూపవలెను. తాతలు నాటిన చెట్లు మరల కాయగలవు.