నెత్తురు నమూనా ప్రయాణము

విశాఖపట్టణమున 1923వ సంవత్సరమున నెలకొల్పబడిన కింగ్ జార్జి ఆసుపత్రి కొండవాలున నున్నది. అట్టి పెద్ద వైద్యశాలలలో రోగి మంచ మొకచోటను, పరీక్షాశాల వేఱొకచోటను ఉండుట సహజము. రోగి చేతినుండి తీసిన నెత్తురు ఆ నడిమి దూరమును ఏ విధముగా దాటుననుట చిన్న విషయమని తలంపరాదు.

నెత్తురులోని ఎఱ్ఱకణములు మిగుల సుకుమారములు. వానిలోపలి పొటాసియము, బయటి ద్రవములోని దానికంటె 20 రెట్లకు పైగా నుండును. నాళిక మిక్కిలి కుదుపులకు లోనైనచో కణములు పగిలి, ఆ పొటాసియము వెలికి వచ్చును. అప్పుడు ద్రవము ఎఱుపెక్కును, లెక్కయు తప్పును. గుండెకు అపాయము కలిగించునంత పొటాసియము రోగి దేహమున లేకున్నను, కాగితముపై ఉన్నట్లే కానవచ్చును. వైద్యుడు దానిని నమ్మి మందిచ్చినచో రోగి గతి యేమి?

కొన్ని ఆసుపత్రులలో గాలి యొత్తిడిచే నమూనాలను గొట్టపుదారిని పంపుదురు. ఇది మనుష్యుని నడకకంటె వేగవంతము. కాని వేగము మితిమీరినను, మలుపులు తఱచైనను, నాళికచుట్టు మెత్త లేకున్నను కణములు చితుకవచ్చును. అందుచేత క్రొత్తగా గొట్టపుదారి నమర్చినపుడు, ఒకే మనుష్యుని నెత్తురును రెండు నాళికలలో నింపి, ఒకదానిని చేతితోను, మఱియొకదానిని గాలిచేతను పంపి, ఫలితములను పోల్చి చూతురు. ఎంత సులభమైన పరీక్ష!

నడచి తెచ్చుటయే మేలందురా? ఆలస్యమును హానియే. కణములు నాళికలోను చక్కెరను తినుచునే యుండును. సామాన్యముగా గంటకు నూటికి 5 మొదలు 7 పాళ్లు తగ్గును, విశాఖ వేసవి వేడిమిలో మఱింత త్వరగా. పోనీ, మంచులో నుంచుదమన్నచో, పొటాసియమును కణములలోపల నిలుపు శక్తి చలికి మందగించి, అది మఱల బయటికి జాఱును. నెత్తురు తీసిన వేళను నాళికపై వ్రాయుట యిందులకే.