సంచిలో ఉన్నది యూరియాయేనా? శాతాలతో సరిచూసే పద్ధతి

హైదరాబాదులో ఆబిడ్స్ ప్రక్కనున్న గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివర నిజాం సైన్యం కోసం ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోయించాడు. ఆ కాలంలో కంచు ఫిరంగులకు రాగి, తగరం కలిపేవారు. తగరం కాస్త ఎక్కువైనా, తక్కువైనా అది కంచే. ఎందుకంటే కంచు మిశ్రమం.

రసాయన సమ్మేళనం అలా కాదు. యూరియా ఏ కర్మాగారంలో తయారైనా, చివరకు పశువు మూత్రంలో ఉన్నా, అందులోని మూలకాల నిష్పత్తి ఒక్కటే. దీనినే స్థిర నిష్పత్తుల నియమం అంటారు. రేమండ్ కాలంలోనే ఫ్రాన్సు రసాయన శాస్త్రజ్ఞుడు ప్రూస్ట్ దీనిని ప్రతిపాదించాడు.

పాడిరైతుకు ఈ నియమంతో పనేమిటి? ఎండు వరిగడ్డిని సుపోషకం చేయడానికి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా వాడతాం. అమ్మోనియం సల్ఫేటు కూడా తెల్లగానే ఉంటుంది. పేరులేని సంచిలోది కొని, యూరియా అనుకుని వాడితే గడ్డి సరిగా మాగదు. డబ్బూ, గడ్డీ రెండూ దండగ.

ఇప్పుడు లెక్క చూద్దాం. పరమాణు భారాలు ఇవి: ఉదజని 1, కర్బనం 12, నత్రజని 14, ఆమ్లజని 16, గంధకం 32.

యూరియా అణువులో కర్బనం ఒకటి, ఆమ్లజని ఒకటి, నత్రజని రెండు, ఉదజని నాలుగు పరమాణువులు ఉంటాయి. మొత్తం భారం 12+16+28+4=60. ఇందులో నత్రజని 28. అంటే 100కి 46.7 వంతులు. సంచిమీద 46 శాతం అని వేయడానికి ఆధారం ఇదే. తేమ వల్ల కొద్ది తేడా ఉండవచ్చు.

అమ్మోనియం సల్ఫేటులో నత్రజని రెండు, ఉదజని ఎనిమిది, గంధకం ఒకటి, ఆమ్లజని నాలుగు. మొత్తం 28+8+32+64=132. నత్రజని 21.2 శాతమే.

అనుమానమున్న ఎరువును వ్యవసాయాధికారి ద్వారా పరీక్షకు పంపారనుకోండి. నత్రజని 21 శాతం అని ఫలితం వస్తే అది యూరియా కాదు. ఇక వాదన అక్కరలేదు.

మరి శాతం సరిపోతే ఆ పదార్థం అదేనని చెప్పవచ్చా? తొందరపడరాదు. పాలలోని చక్కెర లాక్టోజు, మనం కాఫీలో వేసుకునే చక్కెర సుక్రోజు. నీరు చేరని రూపంలో రెండింటిలోనూ కర్బనం 42.1, ఉదజని 6.4, ఆమ్లజని 51.5 శాతం. అణువులో అమరిక మాత్రం వేరు. నీళ్ళు కలిపిన పాలలో లాక్టోమీటరు రీడింగు తగ్గకుండా చక్కెర వేసేవారిని ఈ శాతాలు పట్టించలేవు. దానికి రిసార్సినాల్ పరీక్ష ఉంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేస్తే, చక్కెర వేసిన పాలు ఎర్రబడతాయి. ఆమ్లంతో పని గనుక శిక్షణ పొందినవారే ఈ పరీక్ష చేయాలి.

గుర్తుంచుకోవలసినవి:

1. శాతం బాగా తేడా వస్తే, ఆ పదార్థం చెప్పినది కాదు, లేదా శుద్ధమైనది కాదు.
2. శాతం సరిపోతే, అది అయి ఉండవచ్చు. మరొక పరీక్షతో నిర్ధారించుకోవాలి.
3. పేరు, నత్రజని శాతం అచ్చువేసిన, కుట్టు విప్పని సంచినే కొని, రశీదు దాచుకోవాలి.