హాస్యపు వంతను మాన్పింపకుము

అమ్మాయీ,

ఆరోగ్యశాఖవారిచ్చిన కాగితములోని ఇరువది అంశములును గంటసేపటి బుఱ్ఱకథలో ఇముడుట లేదు గనుక, హాస్యపు వంతను మాన్పించి ఆ కాలమును హితబోధకు వినియోగింతునా యని అడిగితివి. వలదు. డెంగ్యూ కథ చెప్పబూనిన దానవు గాని ఉపన్యాసమునకు ఒప్పుకొన్న దానవు కావు గదా! పద్మశ్రీ పురస్కారమందిన బుఱ్ఱకథకుడు షేక్ నాజరువంటి వానికైనను, హాస్యమున కొక వంత, రాజకీయమున కొక వంత ప్రక్కన నిలువనిదే కథ నడువదు.

హాస్యగాడు నవ్వించుటకే యున్నాడని తలచితివా? ఊరివారు పైకి అడుగ వెనుదీయు సందేహమును అడుగువాడు వాడే. “మురుక్కాలవలో పుట్టే దోమకి మా మంచినీళ్ల తొట్టితో పనేంటి?” అని వాడు దబాయింపవలెను, ఏడిస్ దోమ నిలువయున్న తేటనీటినే కోరునని నీవు చెప్పవలెను. “నీళ్లు పారబోశాం, పీడ వదిలింది!” అని వాడు గుమ్మెట వాయించినపుడు, దాని గ్రుడ్లు తొట్టిగోడల కంటుకొని, తడి లేకున్నను నెలల తరబడి నిలిచి, మరల నీరు తగిలినంతనే పగులుననియు, అవి దోమలగుటకు వారము పదిదినములు చాలుననియు, కావున శుక్రవారము డ్రై డే యనుట తొట్టిని వంచుటకే కాక తోమి ఆరబెట్టుటకు ననియు తెలుపవలెను. “రాత్రి దోమతెర కడతాగా!” అని వాడు ధీమాపడినపుడు గదా, ఈ దోమ పగలు కుట్టునన్న మాట జనుల చెవి కెక్కును!

అయితే వానిని మూర్ఖునిగా చూపింపకుము. జనులు వాని మాటతీరునకు నవ్వవలెను గాని తెలివితక్కువకు గాదు. తనవంటివాడు వేదికపై అవమానపడుట చూచినవాడు ఇంటికి పోయి తొట్టి తోమునా?

రాజకీయపు వంతను నీవు తలపనైనను లేదు. అది నాకు నచ్చలేదు. కొళాయినీరు నాలుగు దినముల కొకసారి వచ్చు వీధిలో జనులు తొట్లు నింపుకొనక ఏమి చేయుదురని, ముందువరుసలోని అధికారి ముఖము చిట్లించినను సరే, ఆ వంత నిలదీయవలెను. ఆ ప్రశ్న లేని కథ వ్యాధికి గృహిణులనే దోషులను చేయును.

ఇరువదింటిలో నాలుగు చాలును. మిగిలినవి పంచాయతి గోడపై అంటింపుడని వినయముగా మనవి చేయుము. రాజకీయపు వంతగా ఎవరిని నిలిపితివో వ్రాయలేదు; అధికారిని చూచి నోరు మెదపనివాడైనచో వెంటనే మార్చుము.

ఆశీర్వచనములతో,
మీ తాతయ్య