మగపిల్లాడు పెద్దవాడవుతున్నాడు: ఒళ్లు ఇచ్చేది, ఇల్లు నేర్పేది



ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అమ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెబుతారు. కాస్త అటూ ఇటుగా అదే వయసులో మగపిల్లాడి ఒంట్లోనూ పెద్ద మార్పే వస్తుంది. వాడికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. ఆ ఖాళీని ఫోను, తోటి పిల్లలు, గోడల మీద కనిపించే 'మగతనం' మందుల ప్రకటనలు నింపుతాయి. అందుకే 'మగవాడు' అనే మాటలో శరీరం ఇచ్చేది ఎంత, సమాజం కలిపేది ఎంత అన్నది ఈ నెల తెలుసుకుందాం.

శరీరం ఇచ్చేది

మన కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఒక జత సాధారణంగా ఆడవారిలో ఎక్స్ ఎక్స్, మగవారిలో ఎక్స్ వై. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ఎక్స్ మాత్రమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే పాప, వై వస్తే బాబు. కాబట్టి ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించడంలో అర్థం లేదు. గర్భంలో మొదటి ఆరు వారాల దాకా పునరుత్పత్తి అవయవాలు ఇద్దరిలో ఒకేలా ఉంటాయి. తర్వాత వై క్రోమోజోము మీద ఉన్న ఎస్ఆర్‌వై జన్యువు పనిచేయడంతో వృషణాలు ఏర్పడతాయి. ఈ జన్యువును 1990లో గుర్తించారు. కొందరు పిల్లలు ఈ రెండు కోవల్లోనూ పూర్తిగా ఇమడని శరీరంతో పుడతారు. అది ఎవరి తప్పూ కాదు.

9 నుంచి 14 ఏళ్ల మధ్య అబ్బాయిల్లో టెస్టోస్టిరాన్ పెరగడం మొదలవుతుంది. ఎత్తు పెరుగుతారు, గొంతు మారుతుంది, మొటిమలు, మీసం వస్తాయి. నిద్రలో వీర్యస్ఖలనం కావచ్చు. అది జబ్బు కాదు, దానివల్ల బలం తగ్గదు, మందు అక్కర్లేదు. చాలామంది అబ్బాయిలకు ఛాతీ కొంత ఉబ్బుతుంది. సాధారణంగా ఒకటి రెండేళ్లలో అదే తగ్గిపోతుంది. ఇవి అందరికీ ఒకే వయసులో రావు.

ఒక్క విషయం మాత్రం అబ్బాయికి తప్పక చెప్పండి. వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే సిగ్గుపడి దాచకూడదు. వృషణం మెలిపడితే రక్తం అందదు. 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే దాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే తీసేయాల్సి రావచ్చు. 'తెల్లారాక చూద్దాం' అనకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సమాజం కలిపేది

మన నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి చెరకు కోతకు భార్యాభర్తలు కలిసి వలస వెళ్లడం మనకు తెలుసు. చేనులో ఇద్దరూ ఎండలో చెమటోడుస్తారు. గుడిసెకు తిరిగొచ్చాక పొయ్యి రాజేసేది మాత్రం ఎక్కువగా ఆమే. ఈ పంపకం ఏ క్రోమోజోములోనూ రాసి లేదు. అలవాటుగా వచ్చింది, అలవాటుగానే మారగలదు.

'మగాడివి, ఏడుస్తావేంట్రా?' అన్న మాట కూడా ఇలాంటిదే. కన్నీటి గ్రంథులు ఇద్దరికీ ఉంటాయి. బాధ చెప్పుకోవడం తప్పని చిన్నప్పుడే నేర్చుకున్నవాడు పెద్దయ్యాక అప్పు, ఓటమి, జబ్బు ఏదొచ్చినా లోపలే దాచుకుంటాడు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,22,724 మంది మగవారు. కారణాలు ఎన్నో ఉంటాయి. కానీ నోరు విప్పి సాయం అడగడం వచ్చినవాడికి ఒక దారైనా దొరుకుతుంది.

ఇంట్లో మనం చేయగలిగింది

• నాన్నగారు, బాబాయి, మామయ్యల్లో ఎవరో ఒకరు అబ్బాయితో ఈ మార్పుల గురించి విడిగా మాట్లాడండి. పొలానికో, బజారుకో కలిసి నడిచేటప్పుడు చెబితే ఇద్దరికీ సులువు.
• మార్కులు తగ్గినప్పుడు 'ఆడపిల్లలా ఏడవకు' అనకండి. ఆ ఒక్క మాట కొడుకునూ కూతురినీ ఇద్దరినీ తక్కువ చేస్తుంది.
• తిన్న కంచం కడగడం, బట్టలు మడతపెట్టడం ఇద్దరు పిల్లలకూ వంతులవారీగా అప్పగించండి.
• అబ్బాయి చాలా రోజులుగా ముభావంగా ఉంటే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీసం దానంతటదే వస్తుంది. మాట నిలబెట్టుకోవడం, ఎదుటివారు 'వద్దు' అంటే ఆగడం, తప్పు చేస్తే ఒప్పుకోవడం మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి. వాటిని పిల్లలు ముందుగా నేర్చుకునేది మనల్ని చూసే.