ప్రపంచ బ్యాంకు అప్పు, బోరు మోటారు కరెంటు

నంద్యాల జిల్లా ప్యాపిలి లాంటి మెట్ట మండలంలో బోరు మోటారు ఆగితే రైతు పైరు ఎండుతుంది. విద్యుత్ సంస్కరణల పాఠాన్ని ఆ రైతు వైపు నుంచి చదవండి.

1999 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు (ఏపీఎస్ఈబీ)ని ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోలుగా విడదీశారు. అదే నెలలో ఈ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల తొలి రుణం మంజూరు చేసింది. కరెంటు ఛార్జీలు పెంచకుంటే నష్టాలు తీరవన్నది చంద్రబాబు ప్రభుత్వ వాదన. అప్పు వెంట షరతులొస్తాయని, భారం పేదలపై పడుతుందని వామపక్షాలు ఉద్యమించాయి. ఆ ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ పోలీసు కాల్పుల్లో రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి అసువులు బాశారు. తేదీకన్నా ముందు ఈ పేర్లు గుర్తుంచుకోవాలి.

2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం చేసింది రైతులకు ఉచిత విద్యుత్ ఫైలుపైనే. అప్పుల కథ మాత్రం అక్కడితో ముగియలేదు: 2024 డిసెంబరులో రాజధాని అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది.