కాయకమును వెదకువాడు సోమరి యగునా?

గౌలిగూడ అను పేరులోనే ఒక కాయకమున్నది. గౌళీలనగా పశువులను పోషించి పాలమ్మి జీవించువారు. ఆ పేటనుండి అఫ్జల్‌గంజ్ వైపు కొంత దూరము నడచినచో మూసీ యొడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కనబడును. 1891లో స్థాపితమై, ఆసఫియా గ్రంథాలయమను పేర ప్రసిద్ధి గాంచినది. పోటీ పరీక్షలకు చదువుకొను నిరుద్యోగులైన యువతీ యువకులు దినమెల్ల అచ్చట కూర్చుండుట నగరవాసులకు పరిచితమైన దృశ్యము. వారిని చూచి, "ఇన్నేండ్లు వచ్చినను తండ్రి సంపాదనమీద బ్రతుకుచున్నారు, ప్రభుత్వము భృతి కూడ ఇచ్చినచో ఇక కదలరు" అని పలుకువారు మన భక్తుల యిండ్లలోను కలరు. అట్లు పలుకుచు బసవేశ్వరుని కాయకతత్త్వమును ప్రమాణముగా చూపుదురు. బసవ జయంతినాడు మఠమునకు వచ్చిన యువకుని పదిమందిలో "ఇంకను ఉద్యోగము రాలేదా?" అని అడుగుదురు. మరుసటి యేడు ఆ యువకుడు రాడు. కావున ఈ ప్రమాణము సరియైనదేనా అని విచారింపవలసియున్నది.

కాయకమును గూర్చి చెప్పునపుడు తప్పక తలచుకొనబడు దంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. 12వ శతాబ్దమున వీరు నివసించిన కల్యాణ నగరము, నేటి బసవకల్యాణము, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగమ దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడాయన అలవాటునకు మించి గింజలు తేగా, లక్కమ్మ మందలించి, అదనపు బియ్యమును తిరిగి అక్కడనే పోసి రమ్మన్నది. ఈ కథను మనము సోమరులకు బుద్ధి చెప్పుటకై వినిపింతుము. కాని లక్కమ్మ మందలించినది పని చేయనివానిని కాదు; అవసరమునకు మించి తెచ్చినవానిని. మరియొక విషయము. ఆ గింజలు మారయ్య పండించినవి కావు, మరియొకరి దాసోహములో రాలినవి. అయినను శరణులలో ఎవ్వరును ఆయనను యాచకుడనలేదు.

కాయకమునుండి గురువునకు గాని జంగమునకు గాని మినహాయింపు లేదని శరణులు చెప్పిరి. ఇండ్ల అద్దెలమీద, వడ్డీలమీద జీవించు గృహస్థుని మాత్రము మనము సోమరి యనము, పైగా సభలో ముందు వరుసలో కూర్చుండబెట్టుదుము.

భృతి సంగతి యేమి? ఆంధ్రప్రదేశములో 2018 అక్టోబరు 2న యువనేస్తము అను పథకము ప్రారంభమై, చదువుకొన్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చినది. 2019లో ప్రభుత్వము మారిన పిమ్మట నిలిచిపోయినది. తెలంగాణములో 2018 ఎన్నికలప్పుడు నెలకు 3,016 రూపాయల భృతి వాగ్దానము చేయబడినది కాని అమలు కాలేదు. అనగా గౌలిగూడలో మనము నిందించుచున్నది అందని సొమ్మును!

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము మరింత గమనింపదగినది. దాని అమలు 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో మొదలైనది. పని కోరినవానికి 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగభృతి చెల్లింపవలెనని ఆ చట్టము విధించినది. అచ్చట భృతి భిక్ష కాదు, పని చూపలేనివాడు తీర్చవలసిన బాకీ. పట్టణములలోని చదువరులకు అట్టి హక్కును ఆ చట్టము కల్పింపలేదు.

ఇక వారి శ్రమ సంగతి. తెలంగాణ గ్రూపు-1 ప్రాథమిక పరీక్షను 2022 అక్టోబరులో వ్రాసిరి. ప్రశ్నపత్రములు బయటపడినందున 2023 మార్చిలో అది రద్దయినది. జూనులో మరల వ్రాసిరి. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని కూడ రద్దుచేసినది. 2024 జూనులో మూడవమారు వ్రాసిరి. ఒకే పరీక్షకు మూడుమారులు కూర్చున్నవానిని సోమరి యనుట ఏ కాయకతత్త్వము?

సర్కారు కొలువు తప్ప మరేదియు చేయనని యేండ్ల తరబడి కూర్చుండువారు లేకపోలేదు. వారికి తాడు పేనిన నులియ చందయ్య చరిత్రమును వినిపింపవలసినదే. కాయకములో హెచ్చుతగ్గులు లేవు. కాని ఆ చరిత్రమును చెప్పు పెద్దలు సంబంధములు చూచునపుడు ముందుగా అడుగునది సర్కారు ఉద్యోగమున్నదా యనియే. తాడు పేనువాడు వరుడుగా వచ్చినచో, ఎందరు తమ కూతునిత్తురు?