పాత కారు కుదుపులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్-2 చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్య బయటికి తీస్తే చిన్న గుంతకే వెనకవైపు దడదడమంటోంది. కమాన్ కట్టలకు ఇంకో రెండు పట్టీలు ఎక్కిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. ఎక్కించమంటారా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండి. పట్టీలు పెంచేది బరువు మోయడానికే, చప్పుడు పోవడానికి కాదు. మీరొక్కరే నడిపే రోజున బండి ఇంకా ఎగిరెగిరి పడుతుంది. నిలిచిపోయిన బండిలో ముందు చెడేవి రబ్బరు బుష్‌లు. కమాన్ కొసల్లో రబ్బరు పగిలి, బోల్టు చుట్టూ సందు కనిపిస్తోందేమో చూడండి. ఆ తర్వాత పట్టీల మధ్య తుప్పు. తుప్పు పడితే పట్టీలు ఒకదానిమీద ఒకటి జారవు, కట్ట మొత్తం బిర్రబిగుసుకుపోతుంది.

కట్ట దింపి, వైస్‌లో గట్టిగా పట్టించాకే సెంటర్ బోల్టు విప్పండి. లేదంటే పట్టీలు ఎగిరి మీద పడతాయి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాయండి. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర పగుళ్లు వెతకండి. పట్టీ పగిలితే అతికించొద్దు, మార్చేయండి. సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవే వేయండి. సర్వీసింగ్‌లో కమాన్లకు కాలిన ఆయిల్ కొట్టించే అలవాటుంటే మానేయండి, దానికి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

బండి జాకీ మీద ఉండగా బుష్ బోల్టులు పూర్తిగా బిగించకండి. చక్రాలు నేలకు ఆని, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

ప్రశ్న: మాది ప్రీమియర్ పద్మిని. వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతోంది. వీల్ అలైన్‌మెంట్ చేయించినా తేడా లేదు.
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: చక్రాల బ్యాలెన్సింగ్ చూపించారా? అది సరిగా ఉంటే ఈ పరీక్ష చేయండి. ముందు చక్రం లేపి, బండిని స్టాండు మీద నిలపండి. జాకీని నమ్మి కిందకి దూరొద్దు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. కదులుతుంటే ఇంట్లో ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. కదలిక ఆగితే వీల్ బేరింగ్ లూజు. ఆగకపోతే కింగ్‌పిన్ అరిగినట్టే. అరిగిన కింగ్‌పిన్ మీద అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. కింగ్‌పిన్ బుష్‌లను కొలతకు రీమర్ పట్టించాలి కాబట్టి ఆ పని లేత్ షాపుకే ఇవ్వండి. ముందు కాయిల్ స్ప్రింగులనూ ఇంట్లో విప్పొద్దు, నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదికొస్తుంది. గ్రీజు కొట్టడం మాత్రం మీరే చేసుకోవచ్చు. నిపుల్ తుడిచి, పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి.

ప్రశ్న: నా పాత అంబాసిడర్‌లో టోర్షన్ బార్లు తీసేసి, కొత్త కారు కాయిల్ స్ప్రింగులు పెట్టించి, కాస్త కిందికి దింపాలని ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుందామని.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ రెండు కోరికలకూ పొత్తు కుదరదు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు యాభై ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని బండికే. ఛాసిస్‌ను మార్చితే ఆ అర్హత పోతుంది. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నా, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పైగా టోర్షన్ బార్ బరువును బండి అడుగున మోస్తుంది. కాయిల్ ఆ బరువంతా చక్రం పైన ఒక్కచోట నెడుతుంది, అంబాసిడర్‌లో ఆ చోటు అంత బలంగా కట్టలేదు.

మెత్తగా నడవాలంటే మంచి షాక్ అబ్జర్బర్లు, కొత్త బుష్‌లు, సరైన సైజు రేడియల్ టైర్లు వేయించండి. టోర్షన్ బార్లు విప్పాల్సొస్తే తెలిసిన వర్క్‌షాపులోనే విప్పించి, కుడిది, ఎడమది అని ముందే గుర్తు పెట్టించండి. ఇన్నేళ్లు ఒకవైపు మెలిపడిన బారును రెండోవైపు బిగిస్తే విరుగుతుంది.